పది రోజుల పార్కు: నెల్లూరు, ప్రకాశం తిరునాళ్ల వినోదాల వెనుక కథ

పాత రంగులరాట్నాన్నీ, గోలీ సోడానూ, తిరునాళ్లలో కొనుక్కున్న జీళ్లనూ తలుచుకునేటప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెద్దవాళ్లు ఏ పార్కు పేరూ చెప్పరు. రంగనాయకుల బ్రహ్మోత్సవాలప్పుడనో, నెల్లూరు వీఆర్‌ కాలేజీ (వీఆర్‌సీ) మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టిన ఏడాదనో, సింగరకొండకు ప్రభలు కట్టుకుని వెళ్లిన రోజనో అంటారు. ఈ ప్రాంతంలో వినోదం ఒక చోట గోడ కట్టుకుని, టిక్కెట్టు గది పెట్టుకుని ఏడాది పొడుగునా ఎదురుచూడలేదు. లారీల మీద వచ్చి, పదిపదిహేను రోజులు వెలిగి, గుంజల గుంతలు మిగిల్చి వెళ్లిపోయింది. ఇక్కడి జ్ఞాపకాలకు ఉన్న ప్రత్యేకత అంతా అందులోనే ఉంది. వాటిని కాపాడుకోవడంలోని కష్టం కూడా అందులోనే ఉంది.

ఇతర దేశాల్లో ఈ విషయం వేరుగా నడిచింది. న్యూయార్క్ తీరంలోని కోనీ ఐలాండ్‌లో 1920లో మొదలైన వండర్ వీల్, 1927లో మొదలైన సైక్లోన్ రోలర్ కోస్టర్ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. సైక్లోన్‌ను 1988లో, వండర్ వీల్‌ను 1989లో నగర వారసత్వ కట్టడాలుగా ప్రకటించారు. వియన్నాలో 1897లో నిలబెట్టిన పెద్ద చక్రం 1944లో యుద్ధంలో కాలిపోతే, ముప్పై పెట్టెలకు బదులు పదిహేను పెట్టెలతో మళ్లీ కట్టుకున్నారు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన తరువాత పాత సవారీల మీద ఈ మమకారం మరింత గట్టిపడింది. 1998లో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో మిస్టర్ టోడ్ సవారీని మూసివేస్తున్నారని తెలిసి, చిన్నప్పుడు దానిలో తిరిగినవాళ్లు పార్కులోనే గుమికూడి నిరసన తెలిపారు. నిరసన తెలపడానికి ఒక చోటు ఉండటం వల్లనే వారికి అది సాధ్యమైంది. మన ఊరి కొయ్య రాట్నం ఏ సంవత్సరం ఆఖరిసారిగా వచ్చి వెళ్లిందో ఆ ఏడాది ఎవరికీ తెలియదు, వచ్చే ఏటికి మళ్లీ వస్తుందనే అందరూ అనుకుని ఉంటారు.

జెయింట్ వీల్ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనతో మొదలుపెడతారు. అక్కడ జార్జి ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున, ఒక్కొక్కటి అరవై మంది పట్టే 36 పెట్టెలతో ఉక్కు చక్రాన్ని నిలబెట్టాడు. అయితే మనుషులు చేతులతో తిప్పే కొయ్య చక్రం అంతకు చాలా పాతది. 1620లో నేటి బల్గేరియా ప్రాంతంలో అటువంటి చక్రాన్ని చూసినట్టు పీటర్ ముండీ అనే ఆంగ్ల యాత్రికుడు రాసిపెట్టాడు. మన తిరునాళ్లలోకి వచ్చిన రాట్నం ఫెర్రిస్ ఉక్కు చక్రానికి కాక ఈ కొయ్య చక్రానికే దగ్గరి చుట్టం. నూలు వడికే రాట్నం పేరునే దీనికీ పెట్టుకుని, ముందు రంగులు చేర్చడంలో మన వాళ్ల చూపు ఎంత సూటిదో తెలుస్తుంది.

నాకు గుర్తున్న రాట్నం కనిగిరి వైపు ఒక గ్రామ దేవత తిరునాళ్లలోది. రెండు దూలాలు, వాటి నడుమ ఇరుసు, ఇరుసుకు నాలుగు పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఇద్దరు పిల్లలు, అంతే దాని నిర్మాణం. ఇరుసుకు ఆముదం పూసినా కిర్రుమనే శబ్దం ఆగేది కాదు. తిప్పే మనిషి కిందికి దిగిన పెట్టెను భుజంతో నెట్టి, పైనుంచి వస్తున్న పెట్టె అంచును అందుకుని మళ్లీ కిందికి లాగేవాడు. చుట్లు నోటితో పైకే లెక్కపెట్టేవాడు కాబట్టి మోసం జరగడానికి వీలుండేది కాదు. ఆఖరి చుట్టుకు పిల్లలంతా ఒక్కసారిగా బతిమాలితే మరో రెండు చుట్లు ఉచితంగా తిప్పేవాడు. పెట్టె పైకి చేరినప్పుడు కనిపించేది గుడి శిఖరం, మా ఎడ్లబండి, దాని పక్కన నిలబడి నా కోసం తలెత్తి చూస్తున్న మా నాయన. ఆ తరువాత ఎన్నో రెట్లు ఎత్తైన చక్రాలు ఎక్కాను గాని, కింద నిలబడిన మనిషి ముఖం కనిపించేంత ఎత్తే సరైన ఎత్తు అని ఇప్పటికీ నా నమ్మకం.

ఈ ప్రాంతపు తిరునాళ్లు చాలావరకు పంచాంగానికి కట్టుబడినవి. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి బ్రహ్మోత్సవాలు, అద్దంకి దగ్గరి సింగరకొండ తిరునాళ్ల ఫాల్గుణంలో వస్తాయి. పెంచలకోనలో వైశాఖ మాసపు ఉత్సవాలు జరుగుతాయి. కందుకూరు ప్రాంతంలోని మాలకొండలో శనివారం మాత్రమే దర్శనం కాబట్టి అక్కడి మిఠాయి అంగళ్లకు కూడా శనివారమే సంత. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడకముందు కందుకూరు, కనిగిరి నెల్లూరు జిల్లాలోవే. ఆ తరువాత కూడా జిల్లా గీతలు మారాయి గాని, ఏ కొండకు ఏ ఊరివాళ్లు పోవాలన్నది మారలేదు. వీటన్నిటికీ భిన్నమైనది నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే రొట్టెల పండుగ. అది మొహర్రం నెలలో వస్తుంది, చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టిది కాబట్టి ఏటేటా ముందుకు జరుగుతుంది. 2000లో అది ఏప్రిల్ ఎండల్లో, 2010లో డిసెంబరు చలిలో, 2024లో జూలైలో వచ్చింది. అందుకే ఒకే ఇంట్లో అక్కకు ఆ పండుగ అంటే చెరకు రసం, చల్లని సోడా గుర్తొస్తే, తమ్ముడికి శాలువా కప్పుకుని తిన్న వేడి మిరపకాయ బజ్జీ గుర్తొస్తుంది. ఇద్దరి మాటా నిజమే.

విద్యుత్తు, డీజిల్ ఇంజన్లు వచ్చాక తిరునాళ్లతో సంబంధం లేకుండా పట్టణ మైదానాల్లో ఎగ్జిబిషన్లు వేళ్లూనుకున్నాయి. తెలుగు నేల మీద ఈ పద్ధతికి పెద్ద నమూనా 1938లో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్. మన పట్టణాలకు వచ్చిన ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్‌తో పాటు ఓడలా ఊగే కొలంబస్, పిల్లల రైలు, వంకర అద్దాల గది ఉండేవి. పాము శరీరానికి ఆడపిల్ల తల ఉన్నట్టు చూపే డేరా ఒకటి తప్పనిసరి. బల్ల కింద అద్దాలను కోణంలో నిలిపి శరీరాన్ని దాచే ఈ ఉపాయం 1865లో లండన్ ఇంద్రజాల వేదిక మీద మొదట ప్రసిద్ధమైంది. లోపలి అమ్మాయి మన భాషలోనే తన శాపం గురించి చెబుతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్న ముసలమ్మలను నేను చూశాను.

అన్నిటికంటే జనం ఎక్కువగా తలుచుకునేది మృత్యుబావి. చెక్కలతో కట్టిన ఆ బావి గోడ మీద మోటారు సైకిలు గిర్రున తిరుగుతుంటే చెక్కలన్నీ అదిరేవి, పైన నిలబడినవాళ్ల అరికాళ్లలోకి ఆ అదురు ఎక్కేది. చేయి చాచి రూపాయి నోటు పట్టుకుంటే, నడిపే మనిషి హ్యాండిల్ వదిలి, పైదాకా వచ్చి దాన్ని లాక్కుపోయేవాడు. వేగం తగ్గితే గోడకూ చక్రానికీ మధ్య పట్టు పోతుందని, అప్పుడు పడటం తప్ప దారి లేదని పెద్దయ్యాక చదువుకున్నాను. ఆ పని చేసినవాళ్ల పేర్లు మనకు ఒక్కటి కూడా తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

రుచుల సంగతి వేరు, వాటి పుట్టుక కొంత నమోదైంది. పీచుమిఠాయి యంత్రాన్ని 1897లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక పళ్ల వైద్యుడు, ఒక మిఠాయి వ్యాపారి కలిసి తయారుచేశారు. 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శనలో పాతిక సెంట్ల చొప్పున 68,655 పెట్టెలు అమ్ముడుపోయాయి. గోలీ సోడా సీసాకు 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంటు తీసుకున్నాడు. సీసాలోని గ్యాస్ ఒత్తిడే గోలీని మెడ దగ్గరి రబ్బరు వలయానికి అదిమి పట్టడం దాని కిటుకు, గోలీని వేలితో లోపలికి నొక్కగానే వచ్చే ఆ కీచుమనే శబ్దం దాని ప్రకటన. చాలా దేశాలు వదిలేసిన ఆ సీసాను మన వీధులు వందేళ్లకు పైగా నిలుపుకున్నాయి. 2025లో కేంద్ర వాణిజ్య శాఖ గోలీ సోడా గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతోందని ప్రకటించింది.

పీచుమిఠాయికి మాత్రం దెబ్బ తగిలింది. గులాబీ రంగు కోసం కొందరు బట్టల అద్దకానికి వాడే రోడమైన్-బి అనే రసాయన రంగు కలుపుతున్నారని తేలడంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించాయి. చెన్నైకి రెండు వందల కిలోమీటర్ల లోపే ఉన్న నెల్లూరులో తల్లిదండ్రులు ఆ వార్త తరువాత కర్రకు కట్టిన గులాబీ సంచులను అనుమానంగానే చూస్తున్నారు. చిన్నప్పటి రుచి అన్న కారణంగా ఆ రంగును వెనకేసుకురావడం తగదని నా అభిప్రాయం. తెల్ల పీచుమిఠాయి కూడా నోట్లో అలాగే కరుగుతుంది.

ఇక మార్పుకు కారణాలు చాలావరకు తెలిసినవే. 1995లో చెన్నై దగ్గరి తాంబరంలో కిష్కింత అనే వినోద పార్కు వచ్చాక నెల్లూరు పిల్లల బడి విహారయాత్రలు అటు మళ్లాయి. జంతువుల విన్యాసాలపై కేంద్రం 1998లో పెట్టిన ఆంక్షలను 2001లో సుప్రీంకోర్టు సమర్థించడంతో సర్కస్ డేరాల్లో సింహం, పులి, ఎలుగు కనుమరుగయ్యాయి, అది మంచికే జరిగింది. పట్టణాల్లో ఖాళీ మైదానాలు తగ్గాయి. 2020లో కరోనాతో జనం గుమికూడే వేడుకలన్నీ నిలిచిపోయినప్పుడు రాట్నాలు తిప్పే కుటుంబాల్లో కొన్ని వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది.

వీటన్నిటి మధ్య పెద్దగా మారకుండా మిగిలింది జీళ్ల తయారీ. దానికి లారీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ముదురు బెల్లం పాకాన్ని నూనె రాసిన బండ మీద పోసి, చేయి పట్టేంత వేడికి రాగానే ముద్ద చేసి, గుంజకు కొట్టిన మేకుకు తగిలిస్తారు. సాగదీసి, మడిచి, మళ్లీ మేకుకు వేసి సాగదీస్తారు. జీడిపాకం అన్న మాట మన వాడుకలోకి ఊరికే రాలేదు. లాగిన కొద్దీ పాకంలోకి గాలి చేరి, ముదురు గోధుమ రంగు తేలి, బంగారు రంగుకు తిరుగుతుంది. ఏ రంగూ కలపకుండానే ఆ మెరుపు వస్తుంది. తరువాత నువ్వుల్లో దొర్లించి, కత్తెరతో ముక్కలు చేసి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. కిందటి శనివారం మాలకొండ మెట్ల దగ్గర నేను కొన్న పొట్లం ఇంటికి చేరేసరికి ఇంకా గోరువెచ్చగానే ఉంది.