దుఃఖం గుండెను ఎలా తాకుతుంది?

1994 జనవరి 17. ఇంకా తెల్లవారకముందే నార్త్‌రిడ్జ్ భూకంపం లాస్ ఏంజెలెస్‌ను కుదిపేసింది. శిథిలాల కింద నలిగిపోయిన వాళ్ల లెక్క వేరు. ఒంటి మీద దెబ్బ పడకుండానే, గుండె జబ్బుతో హఠాత్తుగా ప్రాణాలు పోయినవాళ్లు ఆ కౌంటీలో ఆ ఒక్కరోజే 24 మంది. అంతకుముందు వారంలో అలాంటి మరణాలు రోజుకు సగటున అయిదు లోపే. ఈ 24 మందిలో శారీరక శ్రమ చేస్తూనో, చేసిన వెంటనేనో పోయినవాళ్లు ముగ్గురే. మిగతా వాళ్ల విషయంలో వేళ్లన్నీ భయం వైపే చూపించాయి.

వాళ్ల రక్తనాళాల్లో అప్పటికే కొవ్వు పేరుకుని ఉంది, ఉన్న జబ్బుకు భయం తోడైంది. మరి రక్తనాళాలు శుభ్రంగా ఉన్నవాళ్ల సంగతేమిటి?

1990లో జపాన్‌లోని హిరోషిమాలో హికారు సాతో అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక వింత పరిస్థితిని వివరించారు. రోగికి ఛాతీలో నొప్పి, ఆయాసం. ఈసీజీ చూస్తే అచ్చం గుండెపోటే. యాంజియోగ్రామ్ తీస్తే మాత్రం ఆ నొప్పికి కారణమయ్యే అడ్డంకి ఎక్కడా కనపడదు. రక్తాన్ని ఒంటికంతా తోసే గుండె గది, అంటే ఎడమ జఠరిక, దాని కింది కొస కదలిక కోల్పోయి ఉబ్బిపోతుంది, పైభాగం గట్టిగా ముడుచుకుంటుంది. జపాన్ జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారం అది. అందుకే దాన్ని 'టకోత్సుబో' అన్నారు. ఎక్కువమందిలో గుండె కొన్ని వారాల్లో తిరిగి మామూలుగా కొట్టుకుంటుంది.

2015లో జ్యూరిక్ వైద్యుల నాయకత్వంలో పలు దేశాలకు చెందిన 1,750 మంది రోగుల వివరాలు వెలువడ్డాయి. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే, అందులోనూ ముట్లుడిగిన వయసువాళ్లే ఎక్కువ. అందరికీ కారణం దుఃఖం కాదు. శస్త్రచికిత్స, తీవ్రమైన జబ్బు లాంటి శారీరక కారణాలున్నవాళ్లు మూడోవంతుకు పైగా, ఏ కారణమూ కనపడనివాళ్లు పావువంతుకు పైగా ఉన్నారు. మనసుకు తగిలిన దెబ్బ తర్వాత ఇది వచ్చినవాళ్లు కూడా సుమారు పావువంతే. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఉద్వేగం వల్ల ఈ జబ్బు వచ్చిన 485 మందిలో 20 మందికి అది సంతోషం వల్ల వచ్చిందట. కొడుకు పెళ్లి, మనవరాలో మనవడో పుట్టడం, పుట్టినరోజు వేడుక! గుండెకు అందేది ఉద్వేగపు తీవ్రతే కాబోలు.

ఆ తీవ్రత గుండె దాకా ఎలా చేరుతుంది? మెదడులో అమిగ్దల అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టి, మెదడు అడుగున ఉండి ఒంటికి ఆదేశాలిచ్చే హైపోథాలమస్‌ను లేపుతుంది. అక్కడి నుంచి నరాల ద్వారా నేరుగా గుండెకూ, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకూ ఆదేశాలు వెళతాయి. అడ్రినలిన్, నారడ్రినలిన్ రక్తంలో ఉప్పొంగుతాయి. 2005లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు టకోత్సుబో రోగుల్లో వీటిని కొలిస్తే, తీవ్రమైన గుండెపోటు వచ్చినవాళ్లలో కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. జఠరిక కింది కొస ఈ హార్మోన్లకు ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి ముందు అదే చతికిలబడుతుందని ఒక వాదన.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చావు జరిగిన ఇంట్లో ఒకావిడ ఛాతీ పట్టుకుని కూలబడితే, "ఏడ్చి ఏడ్చి నీరసించింది, కాసిన్ని మజ్జిగ పట్టండి" అంటారు. అది మజ్జిగతో తేలే విషయం కాకపోవచ్చు. అసలు గుండెపోటుకూ దీనికీ తేడా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఇందులోనూ గుండె బలహీనపడి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆడవాళ్ల ఛాతీ నొప్పిని 'బెంగ' అని తీసిపారేయడం ప్రాణాంతకమైన అలవాటు.

ఇదంతా మెదడు నుంచి గుండెకు దారి. ఎదురు దారి కూడా ఉంది. గుండెనూ పేగులనూ మెదడుతో కలిపే వేగస్ నరంలో అత్యధిక తంతువులు కబుర్లను పైకి మోసేవే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుకల గుండెను కాంతితో నియంత్రించి, నిమిషానికి 900 సార్లు కొట్టుకునేలా చేశారు. ఎలుకకు మామూలు వేగం సుమారు 660. భయపడటానికి ఆస్కారమున్న చోట ఆ ఎలుకలు ముందుకు వెళ్లడానికి జంకాయి. ఒంటి లోపలి కబుర్లను అందుకునే ఇన్సులా అనే మెదడు భాగం పనిని అణిచితే ఆ జంకు తగ్గింది. అంటే గుండె దడే మెదడులో ఆందోళనను పెంచగలదన్నమాట. దీన్ని పట్టుకుని 'గుండె ఆలోచిస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది' అని ప్రచారం చేసేవాళ్లను మాత్రం నమ్మకండి. గుండెలో నరకణాలున్న మాట నిజం. వాటి పని లయను సర్దుకోవడమే.

గుండెపోటు తర్వాత దిగులు కమ్మేయడం చాలా ఇళ్లలో చూసేదే. 1993లో మాంట్రియల్‌లో 222 మందిని గమనిస్తే, కుంగుబాటులో ఉన్నవాళ్లు ఆరు నెలల్లోపు చనిపోయే ముప్పు మిగతావాళ్ల కంటే నాలుగు రెట్లకు పైగా ఉంది. అయితే దిగులును తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందా? 2003లో దాదాపు 2,500 మంది మీద అమెరికాలో జరిగిన పెద్ద ప్రయోగం నిరాశపరిచింది. కౌన్సెలింగ్‌తో మనసు కొంత కుదుటపడింది, మరణాలు మాత్రం తగ్గలేదు. అందువల్ల ఆ చికిత్స వృథా అంటే నేనొప్పుకోను. బతికి బయటపడ్డ మనిషికి నిద్రపట్టడం, నలుగురితో మాట్లాడాలనిపించడం చిన్న విషయాలు కావు.

మన ఆసుపత్రి కాగితాల్లో మాత్రలు, ఉప్పు, నూనె, నడక అన్నీ రాస్తారు. మనసు సంగతి అడిగేవాళ్లు అరుదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే గుండె రోగులను ముందుగా రెండు ప్రశ్నలు అడగమంది: గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? అవునని చెబితే ఇంకా వివరంగా పరీక్షించాలి. ఈ రెండూ అడగడానికి ఒక్క నిమిషం చాలు. డాక్టరు అడగకపోతే, పక్కన కూర్చున్న కూతురో కొడుకో అడిగి, ఆ జవాబును డాక్టరుకు చెప్పొచ్చు.