కంట్రీ పాటల వెనక స్టీల్ గిటార్: అపోహలు - వాస్తవాలు

అమెరికా పల్లె పాటల నుంచి ఎదిగిన కంట్రీ సంగీతంలో, గాయని ఒక పాదం పాడి ఊపిరి తీసుకునే చోట వెనక నుంచి ఒక నాదం లేస్తుంది. మెలికలు తిరుగుతూ వచ్చి, ఆమెను తర్వాతి పాదంలోకి చేయిపట్టి దింపి తప్పుకుంటుంది. చాలామంది దాన్ని వయొలిన్ అనుకుంటారు, కొందరు కీబోర్డ్ అంటారు. అది పెడల్ స్టీల్ గిటార్: కాళ్ళున్న బల్లలా ముందు పెట్టుకుని, కూర్చుని వాయించే గిటార్, కింద కాలితో తొక్కే పెడల్స్ ఉంటాయి. 1950ల నుంచి అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన ఎన్నో పాటల్ని గాయకుడు నోరు విప్పకముందే గుర్తుపట్టించేది ఈ వాద్యమే. వాయించినవాళ్ళ పేర్లు మాత్రం రికార్డు బిళ్ళ మీద ఉండేవి కావు. ఈ వాద్యం మీద తరచూ వినబడే పొరపాటు మాటలూ, వాటి అసలు సంగతీ రాస్తున్నాం.

అపోహ: స్టీలుతో చేస్తారు కాబట్టి స్టీల్ గిటార్.

ఆ పేరు ఎడమచేతిలోని ఉక్కు కడ్డీ వల్ల వచ్చింది. దాన్ని బార్ అంటారు. పెడల్ స్టీల్‌కి వాడే బార్ సుమారు 7/8 అంగుళం మందం, మూడు అంగుళాల పైచిలుకు పొడవు, 200 గ్రాములు దాటిన బరువు ఉంటుంది. తీగల్ని వేళ్ళతో నొక్కరు, ఈ బార్‌ని వాటి మీద ఆనించి జరుపుతారు. గోటువాద్యం చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడా మెట్లు ఉండవు, తీగల మీద జారే కడ్డీయే స్వరం పలికిస్తుంది. రెండింటి సూత్రం ఒకటే, పుట్టిన చోట్లు వేరు. స్టీల్ గిటార్ పద్ధతికి ఆద్యుడిగా హవాయి దీవుల జోసెఫ్ కెకుకు పేరు చెబుతారు. ఆయన 1904లో అమెరికా ప్రధాన భూభాగానికి వచ్చాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన తర్వాత హవాయి సంగీతం అమెరికా అంతా పాకింది. కంట్రీ సంగీతానికి ఈ వాద్యం అందింది ఆ దారిలోనే.

అపోహ: కంట్రీ పాటలో స్టీల్ పలికించే ఆ ఏడుపు బార్‌ని జార్చడం వల్ల వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వినబడే అపోహ ఇది. బార్ జరిపితే దాని కింద ఉన్న తీగలన్నీ కలిసికట్టుగా పైకో కిందకో పోతాయి. కంట్రీ పాటలో మనసును మెలిపెట్టే శబ్దం అది కాదు. మూడు తీగలు కలిసి మోగుతున్నప్పుడు రెండు కదలకుండా నిలబడి, మూడోది ఒక్కటే పైకి పాకుతుంది. ఆ పని పెడల్‌ది.

కంట్రీకి వాడే శ్రుతి అమరికను ఇ-నైన్ అంటారు. పది తీగలు. ఒకటో తీగ నుంచి వరసగా ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. ఇ స్వరాన్ని షడ్జం అనుకుంటే బి పంచమం, జి షార్ప్ అంతర గాంధారం. ఎడమకాలి కింద మూడు పెడల్స్ ఉంటాయి. మొదటిది (ఎ పెడల్) 5, 10 తీగల పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి లాగుతుంది. రెండోది (బి పెడల్) 3, 6 తీగల గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి లాగుతుంది. రెండూ కలిపి తొక్కితే స-గ-ప కాస్తా స-మ-ద అవుతుంది. చెయ్యి కదలకుండానే ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) నుంచి, దాని నాలుగో స్వరం మీద నిలిచే కార్డ్‌కి చేరిపోయాం. ఎ పెడల్ ఒక్కటే తొక్కితే స-గ-ద, అంటే మైనర్ కార్డ్. మూడో పెడల్ (సి పెడల్) 4, 5 తీగలు రెండింటినీ ఒక్కో పూర్తి మెట్టు (రెండు స్వరస్థానాలు) పైకి తీసుకెళ్తుంది. మోకాళ్ళతో తోసే లివర్లు 4, 8 తీగల్ని అరమెట్టు పైకి ఒకటి, కిందకి ఒకటి లాగుతాయి. 2, 9 తీగలకు వేరే లివర్లు ఉంటాయి.

ఈ శబ్దం జనానికి తెలిసింది 1954లో. వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' కంట్రీ పట్టికలో 17 వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులో స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజక్స్ తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని వంచాడు. పెడల్స్ అంతకుముందూ ఉన్నాయి. ఒక శ్రుతి అమరిక నుంచి ఇంకోదానికి మారడానికే వాటిని ఎక్కువగా వాడేవాళ్ళు, ఆ మార్పు వినేవాళ్ళకు తెలియకూడదనుకునేవాళ్ళు. ఐజక్స్ ఆ మార్పునే పాటకు ప్రాణం చేశాడు. పైన చెప్పిన పంచమం, గాంధారం లాగుళ్ళు రెండింటినీ ఆయన పెడల్ ఒకేసారి చేసేది. మరో వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ వాటిని రెండు పెడల్స్‌గా విడదీశాడు. 1962లో మెట్టుమెట్టుగా స్వరాలు నడపడానికి వీలుగా పైన ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు చేర్చినవాడూ ఆయనే. ఈ రోజు నేర్చుకునేవాళ్ళు కూర్చునేది ఆ అమరిక ముందే.

అపోహ: పాత కంట్రీ హిట్లన్నిట్లో ఉన్నది పెడల్ స్టీలే.

గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాటల్లో పెడల్ లేదు. ఆయన స్టీల్ వాద్యకారుడు డాన్ హెల్మ్స్ వాయించింది రెండు మెడల (రెండు తీగల వరసల) స్టీల్ గిటార్, గిబ్సన్ కంపెనీ కన్సోల్ గ్రాండ్, ఒక్కో మెడకు ఎనిమిది తీగలు, కాళ్ళకు పని లేదు. హ్యాంక్ పాటల్లో మొదటి స్థానానికి చేరిన 11లో పదింటిలో ఉన్నది హెల్మ్సే. గాయకుడి గొంతుకు అడ్డు రాకుండా తారస్థాయిలోనే మసలడం ఆయన పద్ధతి. 1953లో మొదటి స్థానానికి వచ్చిన 'యువర్ చీటిన్ హార్ట్' ఒక్కసారి ఆ చెవితో వినండి, స్టీల్ ఎక్కడా మాట మీద పడదు. ఆ మిగిలిన ఒక్క పాట 1949 నాటి 'లవ్‌సిక్ బ్లూస్'. అందులో స్టీల్ జెర్రీ బర్డ్‌ది. ఆయన జీవితమంతా పెడల్స్ జోలికి పోకుండా బార్ నైపుణ్యం మీదే నిలబడి, 1970లలో హవాయికే వెళ్ళి అక్కడి పిల్లలకు ఆ విద్య నేర్పాడు.

అపోహ: వేదిక మీద గాయకుడి పక్కన కూర్చున్న మనిషే రికార్డులో వాయించాడు.

కొన్నిసార్లు నిజమే. గాయకుడు బక్ ఓవెన్స్ సొంత బృందాన్నే స్టూడియోకి తీసుకెళ్ళేవాడు. అందుకే 1964లో మొదటి స్థానం పొందిన 'టుగెదర్ అగైన్'లోని స్టీల్ సోలో ఆ బృందంలోని టామ్ బ్రమ్లీది. కంట్రీ స్టీల్‌లో ఒక్క సోలో మాత్రమే నేర్చుకునే తీరిక ఉందనేవాళ్ళకు మేం చెప్పేది అదే. దాని పొడవంతా నిదానం, ఒక్క అనవసర స్వరం లేదు.

కంట్రీ రికార్డింగ్‌కి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో పద్ధతి వేరు. కొద్దిమంది స్టూడియో వాద్యకారులు రోజుకు రెండు మూడు సెషన్లు చేసేవాళ్ళు. సెషన్ అంటే మూడు గంటలు, సాధారణంగా మూడు నాలుగు పాటలు. వాళ్ళ ముందుండే కాగితం మీద కార్డ్ పేర్లు ఉండవు, 1, 4, 5 అని అంకెలుంటాయి. గాయని శ్రుతి మార్చమంటే కాగితం మార్చక్కర్లేదు. శ్రుతి ఏదైనా సరిగమలు మారనట్టే ఇదీ. పాట ఒకట్రెండు సార్లు విని, స్టీల్ మొదటి చరణంలోనా, ఫిడిల్ రెండో చరణంలోనా అని పంచుకుని, టేప్ తిప్పేవాళ్ళు. గాయని కోనీ స్మిత్ తొలి పాట 'వన్స్ ఎ డే' 1964లో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులో మెరుస్తూ దూకే స్టీల్ వెల్డన్ మైరిక్‌ది. ట్యామీ వైనెట్ 'స్టాండ్ బై యువర్ మ్యాన్' (1968), జార్జ్ జోన్స్ 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' (1980) రెండింటిలోనూ పీట్ డ్రేక్ ఉన్నాడు. 1965లో వార్నర్ మ్యాక్‌కు మొదటి స్థానం తెచ్చిన 'ద బ్రిడ్జ్ వాష్డ్ అవుట్'లో లాయిడ్ గ్రీన్.

వీళ్ళకు సెషన్‌కి వాద్యకారుల యూనియన్ నిర్ణయించిన రుసుము ముట్టేది. పాటను మోసే ప్రారంభ సంగీతం అక్కడికక్కడ అల్లినా రచన హక్కుల్లో వాటా ఉండేది కాదు. ఆ వాటా కావాలంటే పాటే రాయాలి. స్టీల్ వాద్యకారుడు రాల్ఫ్ మూనీ చక్ సీల్స్‌తో కలిసి రాసిన 'క్రేజీ ఆర్మ్స్' రే ప్రైస్ గొంతులో 1956లో 20 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

అపోహ: ఫ్రెట్ గీత మీద బార్ పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కితే శ్రుతి దానంతటదే కలుస్తుంది.

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ గీతలు వీణ మెట్ల లాంటివి కావు, రంగుతో వేసిన గుర్తులు. తీగ పొడవు సుమారు 24 అంగుళాలు. మూడో ఫ్రెట్ దగ్గర బార్ ఒక మిల్లీమీటరు తప్పితే మూడు సెంట్ల పైన తేడా వస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర అదే మిల్లీమీటరుకు ఆరు సెంట్ల దాకా పోతుంది. ఒక సెంటు అంటే అరమెట్టులో నూరో వంతు. పైగా కూర్చున్న చోటు నుంచి బార్‌ని ఏటవాలుగా చూస్తాం కాబట్టి, దాని మధ్యభాగం గీత మీద ఉన్నట్టు కనిపించినా ఉండదు. తల కాస్త ముందుకు వంచి బార్‌కి నేరుగా పైనుంచి చూసి ఒకసారి సరిచూసుకోండి, ఆ తర్వాత చెవిని నమ్మండి. వైబ్రాటో (స్వరాన్ని వణికించడానికి బార్‌ని ఊపడం) గీతకు అటూ ఇటూ సమానంగా ఊగాలి. ఒక్క వైపే ఊగితే అపశ్రుతిగా వినిపిస్తుంది.

రెండో చిక్కు శ్రుతిని కొలిచి చూపే ట్యూనర్‌తో. ట్యూనర్ ముల్లు మధ్యలో ఉండేటట్టు జి షార్ప్ తీగల్ని బిగిస్తే మేజర్ కార్డ్ గరగరలాడుతుంది. ట్యూనర్ చూపేది పన్నెండు సమాన భాగాల కొలత. చెవి కోరే గాంధారం షడ్జానికి 5/4 నిష్పత్తిలో ఉంటుంది, అది ట్యూనర్ చూపేదానికి సుమారు 14 సెంట్లు తక్కువ. తంబూరా ముందు అంతర గాంధారం పాడిన ఎవరికైనా ఆ చోటు తెలుసు. అందుకే స్టీల్ వాద్యకారులు జి షార్ప్‌నీ, ఎ పెడల్ తొక్కినప్పుడు వచ్చే సి షార్ప్‌నీ తగ్గించి పెట్టుకుంటారు. పియానో పక్కన వాయించాల్సి వస్తే కొందరు సగం దూరంలో ఆగుతారు.

క్రమం ఇది. పెడల్స్ ఏవీ తొక్కకుండా ముందు ఇ తీగలు, తర్వాత బి, ఆ తర్వాత జి షార్ప్ తల దగ్గరున్న మరల్తో శ్రుతి చేయాలి. తర్వాత ఎ పెడల్‌ని చివరిదాకా తొక్కి పట్టుకుని, కుడి చివర పలకలోంచి కనిపించే నైలాన్ నట్లను తిప్పి 5, 10 తీగల్ని సరిచేయాలి. అలాగే బి పెడల్, సి పెడల్, లివర్లు. తొక్కిన స్వరాన్ని తల దగ్గరి మరతో సరిచేయబోతే తొక్కని స్వరం పోతుంది, రెండింటి మధ్యా తిరుగుతూనే ఉండాల్సి వస్తుంది. ఎ, బి పెడల్స్ కలిపి తొక్కినప్పుడు పెట్టె లాగుడుకి కొద్దిగా వంగి, కదలని ఇ తీగలు కూడా రెండు మూడు సెంట్లు దిగొచ్చు. మంచి వాద్యంలో ఇది తక్కువ, బొత్తిగా లేనిది మాత్రం అరుదు.

ఎక్కువగా తెగేది మూడో తీగ. 0.011 అంగుళాల సన్నటి తీగ, శ్రుతి పైన, దాన్ని బి పెడల్ ఇంకా పైకి లాగుతుంది. పెడల్ తొక్కినప్పుడు తీగల్ని లాగే కుడి చివరి యంత్రభాగాన్ని చేంజర్ అంటారు, దాని వంపు మీద వంగే చోటే తెగుతుంది. అక్కడ గాడి పడితే మెత్తటి పాలిష్ గుడ్డతో నునుపు చేసి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయాలి. మిగతా తీగలు బాగున్నా మూడోదాన్ని ముందే మార్చేయడం మేలు.

అపోహ: కుడికాలి కింది వాల్యూమ్ పెడల్ శబ్దం పెంచడానికి.

అది నాదాన్ని నిలబెట్టడానికి. సగం దగ్గర పెట్టి మీటాలి. తీగ శబ్దం సన్నగిల్లుతున్న కొద్దీ ఆ మేరకే మెల్లగా తొక్కుతూ పోతే నాదం ఒకే స్థాయిలో నిలుస్తుంది. మొదటే పూర్తిగా తొక్కేస్తే తర్వాత తొక్కడానికి చోటు మిగలదు. ప్రతి మీటుకీ పైకీ కిందకీ ఊపితే వినేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి.

అపోహ: ఇది విషాదానికే, అదీ కంట్రీకే పనికొస్తుంది.

స్పీడీ వెస్ట్ 1950లలో జిమ్మీ బ్రయంట్ గిటార్‌తో పోటీపడి వాయించినవి వింటే ఆ మాట అనరు. సి-సిక్స్ అనే ఇంకో అమరికలో జాజ్, స్వింగ్ హాయిగా నడుస్తాయి. అందుకే చాలా వాద్యాలకు రెండు మెడలు. పీట్ డ్రేక్ 1969లో బాబ్ డిలన్ 'లే లేడీ లే'లోనూ, మరుసటి ఏడు జార్జ్ హారిసన్ ఆల్బమ్‌లోనూ వాయించాడు. మగవాళ్ళ వాద్యమనే మాటా వినబడుతుంది. తర్వాత పెద్ద గాయని అయిన బార్బరా మాండ్రెల్ చిన్నపిల్లగా వేదికెక్కింది స్టీల్ వాయిస్తూనే.

అపోహ: పది తీగలు, మూడు పెడల్స్, మోకాళ్ళ లివర్లు... పదేళ్ళు పడుతుంది.

బాగా వాయించడానికి పట్టొచ్చు. పాటలో కూర్చోడానికి అన్నేళ్ళు అక్కర్లేదు. జి శ్రుతిలో మూడు చోట్లు తెలిస్తే చాలు. మూడో ఫ్రెట్‌లో పెడల్ లేకుండా, ఆరో ఫ్రెట్‌లో ఎ పెడల్‌తో పాటు ఇ తీగల్ని పెంచే లివర్, పదో ఫ్రెట్‌లో ఎ, బి పెడల్స్ కలిపి. మూడు చోట్లా అదే జి మేజర్, పైకి పోయే కొద్దీ మెట్లలా. తీగలు 3, 4, 5 తోనే మొదలుపెట్టండి. కుడిచేతి బొటనవేలికి ఒకటి, తర్వాతి రెండు వేళ్ళకు రెండు పిక్స్ (మీటడానికి తొడిగే గోళ్ళు). మీటిన ప్రతిసారీ తర్వాతి స్వరానికి ముందు అరచేతి అంచు ఆనించి పాత నాదాన్ని ఆపడం అలవాటు చేసుకోండి. ఇది రాకపోతే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసి బురదవుతాయి. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు బార్ వెనక తీగల మీద పడుకోబెట్టి ఉంచాలి, లేకపోతే వెనక సగం కూడా మోగుతుంది.

పాత వాద్యం కొనేటప్పుడు ఒక్క లివర్ ఉన్న నేర్చుకునే రకం చవగ్గా దొరికినా తీసుకోకండి. మూడు పెడల్స్, నాలుగు లివర్లు కనీసం. ట్యూనర్ పెట్టి ప్రతి పెడల్‌నీ పదేసిసార్లు తొక్కి వదలండి. వదిలాక తీగ ప్రతిసారీ మొదటి చోటికే తిరిగి రావాలి. ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోతే చేంజర్ జిడ్డుకట్టిందో అరిగిందో చూడాలి. జిడ్డయితే శుభ్రం చేసుకోవచ్చు. అరుగుదలయితే మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించుకుని బేరమాడండి.