విదేశంలో మిషనరీ క్రిస్మస్: మన సంఘాల్లో అపోహలు, అక్కడి వాస్తవాలు

నవంబరు చివరికల్లా సికింద్రాబాద్ గల్లీల్లో ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్ రౌండ్లు మొదలవుతాయి. నాకు ప్రశ్నలు వచ్చేదీ అప్పుడే. నేను ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో పరిచర్య చేసి వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండి, బయటి దేశాలకు వెళ్లే యువతీ యువకులను సిద్ధం చేస్తున్నాను. వాళ్లకీ, వాళ్లను పంపే అమ్మానాన్నలకీ, సంఘ పెద్దలకీ నేను మళ్లీ మళ్లీ చెప్పే మాటలే ఇవి.

అపోహ: డిసెంబరు 25న ప్రపంచమంతా క్రిస్మస్

మనకు తెలంగాణలో 25తో పాటు 26న కూడా సెలవు ఉంటుంది కాబట్టి అలా అనిపించడం సహజం. ఇథియోపియాలో డిసెంబరు 25 మామూలు పనిరోజు. బస్సులు, ఆఫీసులు, బడులు అన్నీ ఎప్పటిలాగే నడుస్తాయి. వాళ్ల క్రిస్మస్ పేరు గెన్నా, అది జనవరి 7న వస్తుంది. ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవులకు, రష్యా, సెర్బియా ఆర్థడాక్స్ సంఘాలకు కూడా జనవరి 7నే. ఆ సంఘాలు పాత లెక్కనే పాటిస్తున్నాయి, దానికీ మన క్యాలెండరుకీ ఇప్పుడు 13 రోజుల తేడా ఉంది. ఇథియోపియా క్యాలెండరులో అయితే ఏడాదికి 13 నెలలు. పన్నెండు నెలలకు ముప్పయ్యేసి రోజులు, చివరి నెలకు ఐదో ఆరో రోజులు.

గడియారం కూడా వేరే. వాళ్లు పొద్దు పొడిచినప్పటి నుంచి గంటలు లెక్కపెడతారు. అందుకే స్నేహితుడు "మూడు గంటలకు రండి" అంటే మన లెక్కలో ఉదయం తొమ్మిదికి. ఎవరు ఏ లెక్కలో చెబుతున్నారో ముందే అడిగి తెలుసుకోండి.

అపోహ: క్రిస్మస్ అంటే ఏమిటో మనం వెళ్లి నేర్పించాలి

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. ఇథియోపియాలో క్రైస్తవ్యం నాలుగో శతాబ్దం నుంచి ఉంది. అక్కడి ప్రాచీన అక్సుమ్ రాజ్యపు రాజు ఎజానా ఆ కాలంలోనే ఈ విశ్వాసాన్ని స్వీకరించాడు. లాలిబెలా అనే ఊళ్లో కొండ రాతిని తొలిచి మలిచిన 11 దేవాలయాలు ఉన్నాయి. గెన్నా రాత్రి అక్కడికి తెల్లని వస్త్రాలు కట్టుకుని వేలమంది యాత్రికులు వస్తారు. ఆ నేల మీద అడుగుపెట్టే మిషనరీ ముందు వినాలి, చూడాలి, అక్కడి సంఘం పిలిచిన పనిని ఆ సంఘంతో కలిసి చేయాలి.

ఈ పాఠం మన తెలుగు నేలకు కొత్త కాదు. తిరునెల్వేలి తమిళుడైన వి.ఎస్. అజరయ్య నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగువాళ్ల మధ్య జీవించారు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశంలో పాశ్చాత్య మిషనరీలకు ఆయన ఒక విన్నపం చేశారు. మీరు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, ఇక మాకు స్నేహితులు కావాలి అన్నది దాని సారం. మా శిక్షణలో మొదటి రోజు నేను చెప్పేది ఆ విన్నపం గురించే. అప్పుడు అడిగింది మనవాళ్లు. ఇప్పుడు విమానం ఎక్కి వెళ్తున్నదీ మనవాళ్లే, కాబట్టి దానికి జవాబు ఇవ్వాల్సిన వంతు మనది.

అపోహ: 25న బిర్యానీ పెట్టి అందరినీ పిలిస్తే చాలు, స్నేహం కుదురుతుంది

ఉద్దేశం మంచిదే, కానీ డిసెంబరు 25 నాటికి ఇథియోపియా ఆర్థడాక్స్ స్నేహితులు ఉపవాసంలో ఉంటారు. గెన్నాకు ముందు నలభై రోజులకు పైగా మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. నిష్ఠగా ఉండేవాళ్లు మధ్యాహ్నం దాటేదాకా అసలు ఏమీ తినరు. వాళ్ల ముందు చికెన్ బిర్యానీ, గుడ్లు వేసిన కేకు పెడితే మొహమాటంతో నలిగిపోతారు.

"మరి ఏం వండాలి అక్కా, అదే టెన్షన్‌గా ఉంది" అని ఒక చెల్లి అడిగింది. తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది కష్టమే కాదు. పులిహోర, నెయ్యి వేయని పప్పు, నూనె వంకాయ, గారెలు, బెల్లం పాకంతో నువ్వుల ఉండలు. పిలుపు సాయంత్రానికి పెట్టుకోండి. పెరుగు గిన్నె ఆ రోజుకు బల్ల మీదకు రానివ్వకండి. వాళ్ల ఉపవాసాన్ని మీరు గుర్తుపెట్టుకున్నారని తెలిసినప్పుడు వాళ్ల ముఖం చూడండి, ఏ ప్రసంగమూ అంత దగ్గర చేయదు.

అందరికీ ఒకే నియమం అనుకోవద్దు. మెకానే యేసుస్ లాంటి ప్రొటెస్టెంటు సంఘాల వాళ్లు సాధారణంగా ఈ ఉపవాసం పాటించరు, కానీ క్రిస్మస్ మాత్రం జనవరి 7నే చేసుకుంటారు. ఎవరిని పిలుస్తున్నారో వాళ్లనే అడగండి.

ఇక జనవరి 7న మీరు అతిథి. ఇంట్లో నేల మీద పచ్చగడ్డి పరుస్తారు. ఉల్లిపాయలు గంటలకొద్దీ మగ్గించి, కోడిమాంసం, ఉడికించిన గుడ్లు వేసి దోరో వాట్ వండుతారు. దాన్ని ఇంజెరాతో తింటారు. ఇంజెరా అంటే టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి, మన దోసెలా పెద్ద పెనం మీద పోసే రొట్టె. పులుపు కాస్త ఎక్కువ. అందరూ ఒకే పళ్లెంలో తింటారు. ఇంటి పెద్దావిడ తన చేత్తో ముద్ద చుట్టి మీ నోట్లో పెడుతుంది. వద్దనకండి. మన అమ్మమ్మలు పెట్టే ముద్దలో ఉన్న ప్రేమే అందులోనూ ఉంది.

భోజనం తర్వాత కాఫీ. గింజలు మీ ముందే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మొదటి కప్పు తాగి లేచిపోతే మర్యాద కాదు. అందుకే ఆ రోజు నాలుగిళ్లు చుట్టాలని ప్లాన్ వేసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఒక్క ఇల్లు చాలు. కూర్చోండి, పిల్లలతో ఆడండి, ముసలివాళ్ల కబుర్లు వినండి. వెళ్లేటప్పుడు కాఫీ గింజలో, పండ్లో పట్టుకెళ్లండి. అప్పటికి వాళ్ల ఉపవాసం ముగిసిపోతుంది కాబట్టి నేతి అరిసెలైనా పరవాలేదు.

అపోహ: పాపం, పండగ పూట ఒంటరిగా ఏడుస్తుంటారు

ఇంటి మీద బెంగ ఉంటుంది, లేదని చెప్పను. అరిసెల పాకం వాసన, సండే స్కూలు పిల్లల నాటిక, నడిరాత్రి ఆరాధన గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. అయితే అదే ఊళ్లో మనలాగే ఇల్లు వదిలి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. ఫిలిప్పీన్స్ వాళ్లకు డిసెంబరు 16 నుంచి 24 వరకు తెల్లవారుజాము ఆరాధనలు, 24 అర్ధరాత్రి కుటుంబ భోజనం అలవాటు. మలయాళీ ఇంట్లో అప్పం, స్ట్యూ ఉంటాయి. తలా ఒక వంట తెచ్చుకుని, ఎవరి భాషలో వాళ్లు పాట పాడి ప్రార్థన చేసుకుంటే 25 సాయంత్రం నిండుగా గడుస్తుంది. అక్కడ తెలుగు పాట పాడటానికి సిగ్గుపడొద్దు.

అపోహ: మిషనరీలకు డాలర్లు వస్తాయి, అది ఫారిన్ టూర్

మన సంఘాల నుంచి వెళ్లేవాళ్లలో నేను చూసినవారు కుటుంబాలు, సంఘాలు ఇచ్చే కానుకల మీదే బతుకుతున్నారు. మిజోరంలో తల్లులు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక గుప్పెడు పక్కనపెట్టి సంఘానికి ఇస్తారు. అక్కడి మిషనరీల సేవకు అది పెద్ద ఆధారం.

అపోహ: టూరిస్టు వీసా ఉంటే చాలు, వెళ్లి ప్రకటించవచ్చు

చాలదు. చాలా దేశాల్లో మతపరమైన పనికి వేరే అనుమతి కావాలి, మన దేశంలో కూడా మిషనరీ వీసా అని వేరే ఉంది. నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు కాబట్టి క్రిస్మస్ టీములు ధైర్యంగా బయలుదేరుతున్నాయి. అక్కడ 2017 నాటి శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం నేరం, ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. చట్టం తెలుసుకోకుండా పిల్లలను పంపవద్దని పెద్దలను చేతులెత్తి వేడుకుంటున్నాను. మీ టీము తిరిగి వచ్చేసినా, కేసు అక్కడి విశ్వాసుల మెడకు చుట్టుకోవచ్చు.

అపోహ: 24 రాత్రి ఒక్క వీడియో కాల్ చేస్తే సరిపోతుంది

అడిస్ అబాబా మనకంటే రెండున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో అర్ధరాత్రి గంటలు మోగేసరికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఆ సమయంలో సంఘమంతా కలిసి వందనాలు చెబితే ఎంతో సంతోషం. కానీ 26 తర్వాత ఫోన్లు ఆగిపోతాయి, వాళ్లకు అసలు పండగ ఇంకా రానే లేదు. జనవరి 6 రాత్రికి ఇంకో కాల్ పెట్టుకోండి. మీ అబ్బాయో, అమ్మాయో మరుసటి రోజు వెళ్లబోయే ఇంటివాళ్ల పేర్లు అడిగి, ఆ పేర్లతోనే ప్రార్థన చేయండి.