అధికారిపై దావా: షికాగో నుంచి షికాగో దాకా

1958 అక్టోబర్ 29, తెల్లవారుజామున 5:45 గంటలు. షికాగోలో జేమ్స్ మన్రో అనే నల్లజాతీయుడి ఇంటి తలుపు బద్దలుకొట్టి 13 మంది పోలీసులు లోపలికి చొరబడ్డారని ఆ తర్వాత కోర్టులో వేసిన దావా చెబుతుంది. భార్యాభర్తలను మంచం మీది నుంచి లేపి, ఒంటి మీద బట్టల్లేకుండానే ముందుగదిలో నిలబెట్టి, ఒక్కో గదినీ తిరగేశారు; సొరుగులు కుమ్మరించారు, పరుపుల గలీబులు చింపారు. ఒక హత్య కేసులో ప్రశ్నించాలంటూ మన్రోను స్టేషన్‌కు తీసుకెళ్లి 10 గంటలు ఉంచి, ఏ నేరమూ మోపకుండానే వదిలిపెట్టారు. సోదాకు వారెంటు లేదు, అరెస్టుకూ లేదు. మన్రో నష్టపరిహారం అడగడానికి ఆశ్రయించిన చట్టం అప్పటికి దాదాపు 90 ఏళ్ల పాతది, వాడుక లేక దుమ్ముపట్టినది. అధికారులు పౌర హక్కులను ఉల్లంఘిస్తే తమ కోర్టుల్లోనే దావా వేసుకోవచ్చని ఇవాళ అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఎందుకు చట్టాలు చేస్తున్నాయో అర్థం కావాలంటే ఆ పాత చట్టం దగ్గరే మొదలుపెట్టాలి.

అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో విముక్తులైన నల్లవారిపై కూ క్లక్స్ క్లాన్ ముఠాలు దాడులు చేస్తుంటే, స్థానిక షెరీఫులూ (పోలీసు అధికారులూ) న్యాయమూర్తులూ చాలాచోట్ల చూసీ చూడనట్టు ఊరుకున్నారు, కొన్నిచోట్ల స్వయంగా చేతులు కలిపారు. అందుకే 1871 ఏప్రిల్ 20న అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకం చేసిన కూ క్లక్స్ క్లాన్ చట్టంలోని మొదటి సెక్షన్, రాష్ట్రం ఇచ్చిన అధికారాన్ని అడ్డం పెట్టుకొని ఎవరైనా రాజ్యాంగ హక్కులను హరిస్తే బాధితుడు ఫెడరల్ (కేంద్ర) కోర్టులో దావా వేయవచ్చని చెప్పింది. ఈనాడు లాయర్లు సెక్షన్ 1983 అని పిలిచేది దీన్నే. అది సంవత్సరం కాదు, అమెరికా చట్టాల సంపుటిలో దానికి పడిన సంఖ్య. అయితే రాష్ట్ర చట్టాన్నే మీరి పనిచేసిన పోలీసు రాష్ట్రం పేరిట పనిచేసినట్టు ఎలా అవుతాడన్న వాదన ఒకటి దాన్ని దశాబ్దాల పాటు పక్కన పడేసింది. ఆ వాదనను సుప్రీంకోర్టు 1961లో మన్రో కేసులోనే తోసిపుచ్చింది. బిళ్ల పెట్టుకొని చేసిన తప్పు, రాష్ట్ర చట్టానికి విరుద్ధమైనా సరే, అధికారం పేరిట చేసిన తప్పేనని తేల్చింది.

తలుపు తెరుచుకున్న ఆరేళ్లకే దానికి గొళ్లెం పడటం మొదలైంది. మిసిసిపీలోని జాక్సన్ బస్టాండులో తెల్లవారికి మాత్రమే కేటాయించిన గదిలోకి నల్ల, తెల్ల మతబోధకులు కలిసి వెళ్లి 1961లో అరెస్టయ్యారు. వారు వేసిన దావాలో, పోలీసులు సదుద్దేశంతో పనిచేశామని చెప్పుకొని తప్పించుకునే వీలుందని 1967లో సుప్రీంకోర్టు అన్నది. 1982 నాటికి ఈ రక్షణ మనసులోని ఉద్దేశాన్ని వదిలేసి మరో రూపం తీసుకుంది: అధికారి ఉల్లంఘించిన హక్కు ఆనాటికే, సాధారణంగా పాత తీర్పుల ద్వారా, స్పష్టంగా స్థిరపడి ఉంటే తప్ప అతన్ని బాధ్యుణ్ని చేయకూడదు. దీనికే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అని పేరు. 1871 చట్టంలో ఈ మాట వెతికినా కనిపించదు. ఇది పూర్తిగా న్యాయమూర్తులు అల్లినది.

కాగితం మీద సబబుగా కనిపించే ఈ సూత్రం కోర్టుల్లో ఎలా నడుస్తుందో ఒక్క కేసు చాలు చెప్పడానికి. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో వారెంటుతో సోదా చేసిన పోలీసులు, తాము స్వాధీనం చేసుకున్న నగదు, అరుదైన నాణేలలో 2,25,000 డాలర్లకు పైగా కాజేశారని ఇద్దరు వ్యాపారులు దావా వేశారు. వారెంటు మీద పట్టుకున్న సొత్తును దొంగిలించడం రాజ్యాంగ ఉల్లంఘన అని అప్పటికి స్పష్టంగా స్థిరపడలేదు కాబట్టి పోలీసులకు రక్షణ ఉందని 2019లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. అది నైతికంగా తప్పని వారికి తెలిసి ఉండవలసిందేనని ఆ తీర్పే ఒప్పుకొన్నది గానీ, దావా మాత్రం నిలవలేదు.

1871 చట్టానికి మరో లోటు పుట్టుకతోనే ఉంది. అది రాష్ట్ర, స్థానిక అధికారులకే గానీ ఫెడరల్ ఉద్యోగులకు వర్తించదు. 1965లో బ్రూక్లిన్‌లో ఫెడరల్ మాదకద్రవ్యాల విభాగం ఏజెంట్లు వెబ్‌స్టర్ బివెన్స్ అనే వ్యక్తికి భార్యాపిల్లల ఎదుటే సంకెళ్లు వేసి ఇల్లంతా సోదా చేశారు. ఆయన ఒక్కో ఏజెంటు నుంచి 15,000 డాలర్లు అడుగుతూ దావా వేస్తే, చట్టం లేకపోయినా రాజ్యాంగం నుంచే ఆ హక్కు వస్తుందని 1971లో సుప్రీంకోర్టు అన్నది. 1980 వరకు మరో రెండు కేసుల్లో అదే మాట మీద నిలబడింది. ఆ తర్వాత ఒక్క కొత్త సందర్భానికీ దాన్ని విస్తరించలేదు. 2022లో సరిహద్దు గస్తీ ఏజెంటు మీద వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక సత్రం యజమాని వేసిన కేసును సుప్రీంకోర్టు తోసిపుచ్చాక, బివెన్స్ పేరు మిగిలింది గానీ ప్రాణం పోయిందని చెప్పినా తప్పులేదు.

ఫెడరల్ దారి ఇలా ఇరుకవుతుంటే రాష్ట్రాలు ఊరికే కూర్చోలేదు. మసాచుసెట్స్ 1979లో, కాలిఫోర్నియా 1987లో, న్యూజెర్సీ 2004లో సొంత చట్టాలు తెచ్చుకున్నాయి. వీటిలో మొదటి రెండూ బెదిరింపో బలవంతమో ఉండాలని షరతు పెట్టడంతో వాటి పరిధి చిన్నదిగానే ఉండిపోయింది. అసలు మలుపు 2020లో వచ్చింది. మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయిన నెల తిరగకముందే, జూన్ 19న కొలరాడో గవర్నర్ జారెడ్ పోలిస్ సంతకం చేసిన చట్టం, రాష్ట్ర రాజ్యాంగ హక్కులను ఉల్లంఘించిన పోలీసుల మీద దావాకు వీలు కల్పించి, క్వాలిఫైడ్ ఇమ్యూనిటీని వాదనగా చెల్లదని తేల్చేసింది. సదుద్దేశం లేదని రుజువైన అధికారి పరిహారంలో 5 శాతం లేదా 25,000 డాలర్లు, వీటిలో ఏది తక్కువైతే అది, సొంత జేబులోంచి కట్టాలి.

న్యూమెక్సికో 2021లో ఇంకాస్త భిన్నంగా ఆలోచించింది. అక్కడ దావా వేయవలసింది ఉద్యోగి మీద కాదు, అతన్ని నియమించిన ప్రభుత్వ సంస్థ మీద. అది పోలీసు శాఖ కావచ్చు, జైలు కావచ్చు, పాఠశాల బోర్డు కావచ్చు. ఇమ్యూనిటీ వాదన కుదరదు. బదులుగా లాయరు ఫీజుతో కలిపి 20 లక్షల డాలర్ల గరిష్ఠ పరిమితిని అప్పట్లో పెట్టారు. బిల్లును ముందుండి నడిపిన ప్రతినిధుల సభ స్పీకర్ బ్రయన్ ఎగాఫ్ స్వయంగా ఇలాంటి కేసులు వాదించే లాయరు కావడంతో స్వప్రయోజనం అన్న విమర్శ గట్టిగానే వినిపించింది. విమర్శ అర్థంలేనిది కాదు గానీ, నాకైతే చట్టం రూపకల్పన కొలరాడో కంటే తెలివైనదిగా కనిపిస్తుంది: శిక్షణనూ పర్యవేక్షణనూ మార్చగలిగేది సంస్థ గానీ, ఒంటరి కానిస్టేబుల్ కాదు.

మన దగ్గర ఇలాంటి శాసనం లేదు, ఈ పని కోర్టులు చేశాయి. 1977 మేలో కోయిలకుంట్ల సబ్‌జైలులో బాంబుదాడిలో తండ్రి చనిపోగా బతికి బయటపడిన కొడుకు వేసిన దావాలో, జీవించే హక్కు ముందు ప్రభుత్వ సార్వభౌమ రక్షణ (ప్రభుత్వంపై దావా చెల్లదన్న సూత్రం) నిలవదని 1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2000లో సుప్రీంకోర్టు చెప్పాయి. అమెరికాలో న్యాయమూర్తులు రక్షణను నిర్మిస్తే శాసనసభలు కూల్చడానికి పూనుకోవడం దీనికి సరిగ్గా తిరగేసిన కథ.

ఆ కథ 2025లో మళ్లీ షికాగోకే వచ్చింది. సెప్టెంబర్ 30న, ఇంకా తెల్లవారకముందే, సౌత్ షోర్ ప్రాంతంలోని ఒక అపార్ట్‌మెంటు మీదికి ఇమిగ్రేషన్ ఏజెంట్లు హెలికాప్టర్‌తో సహా దిగారు. తలుపులు విరిచారు, అమెరికా పౌరులు సైతం చేతులకు ప్లాస్టిక్ పట్టీలతో బయట గంటల తరబడి ఉన్నారు. ఏజెంట్లు ఫెడరల్ వారు కావడంతో మన్రో వాడిన చట్టం అక్కడి నివాసులకు అక్కరకు రాదు. డిసెంబర్ 9న ఇల్లినాయ్ గవర్నర్ జె.బి. ప్రిట్జ్‌కర్ సంతకం చేసిన చట్టం ఆ ఖాళీని పూరించడానికే వచ్చింది. పేరు కూడా ఇల్లినాయ్ బివెన్స్ చట్టమే. ఇమిగ్రేషన్ చర్యల్లో తెలిసి తెలిసి రాజ్యాంగ హక్కులను ఉల్లంఘించిన వారిపై రాష్ట్ర చట్టం కింద దావా వేయవచ్చని అది చెబుతుంది. యేల్ ఆచార్యుడొకరు 1987లోనే ప్రతిపాదించిన ఆలోచన ఇది: 1871లో రాష్ట్రాల మీద ఫెడరల్ ప్రభుత్వం చట్టం చేస్తే, ఇప్పుడు అదే అద్దాన్ని రాష్ట్రం తిప్పి పట్టింది.

2025 డిసెంబర్‌లోనే అమెరికా న్యాయశాఖ ఈ చట్టాన్ని సవాలు చేస్తూ కోర్టుకెక్కింది. ఫెడరల్ చట్టమే సర్వోన్నతమన్న రాజ్యాంగ నిబంధన ప్రకారం, ఫెడరల్ ఉద్యోగుల పనిని రాష్ట్రం నియంత్రించలేదన్నది దాని వాదన. 1988లో అమెరికా కాంగ్రెస్ చేసిన మరో చట్టం ఫెడరల్ ఉద్యోగులను రాష్ట్ర చట్టాల కింది సాధారణ పరిహార దావాల నుంచి తప్పించింది. కానీ రాజ్యాంగాన్ని ఉల్లంఘించినందుకు వేసే దావాలను అందులోంచి మినహాయించింది. ఆ మినహాయింపు రాష్ట్రాలు చేసిన దావా చట్టాలకూ వర్తిస్తుందా అన్నదాని మీదే ఇల్లినాయ్ చట్టం చాలావరకు ఆధారపడి ఉంది.