బత్తాయి తీపి, ఫోన్ కెమెరా, సంవర్గమానం

బత్తాయి రసంలోని చక్కెరను ఫోన్‌తో ఫొటో తీసి కొలవవచ్చా అని నల్లగొండ జిల్లా నుంచి ఒక పాఠకుడు అడిగారు. కొలవవచ్చు, అయితే ఫొటో తీయవలసింది కాయను కాదు. తొక్క పసుపు రంగుకు తిరగడం చాలావరకు రాత్రి చలిని బట్టి జరుగుతుంది కనుక, తొక్కను చూసి తీపిని నిర్ణయించే అలవాటుకు గట్టి ఆధారం లేదు. చక్కెరకేమో సొంత రంగే లేదు.

కాబట్టి ముందు చక్కెర చేత రంగు పుట్టించాలి. డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం కలిసిన పసుపు పచ్చని క్షార ద్రావణంలో గ్లూకోజు వేసి, మరిగే నీటిలో కొన్ని నిమిషాలు ఉంచితే, ఆ ఆమ్లంలోని ఒక నైట్రో సమూహం అమైనో సమూహంగా క్షయకరణం చెంది (అంటే ఆక్సిజన్ పోయి హైడ్రోజన్ చేరి), ద్రావణం ఎర్రని నారింజ రంగుకు మారుతుంది. ప్రయోగశాలల్లో ఈ రంగును సాధారణంగా 540 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో కొలుస్తారు. ఫోన్ చిత్రంలో ప్రతి బిందువుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు, 0 నుంచి 255 వరకు, ఉంటాయి. ఎరుపు పెద్దగా మారదు, నీలం చక్కెర వేయని పరీక్ష నాళికలోనే తగ్గిపోయి ఉంటుంది. మనకు పనికివచ్చేది ఆకుపచ్చ అంకె.

అసలు అందం ఇక్కడ మొదలవుతుంది. పలుచని బట్ట ఒక పొర సగం కాంతిని ఆపితే, రెండో పొర మిగిలిన సగంలో సగాన్నే ఆపుతుంది. రంగు ద్రావణం కూడా అంతే: గాఢత రెట్టింపైతే పావు కాంతి, మూడింతలైతే ఎనిమిదో వంతు దాటివస్తుంది. అందుకే గాఢత కాంతికి కాక, లోపలికి వెళ్లిన కాంతికీ దాటివచ్చిన కాంతికీ ఉన్న నిష్పత్తి సంవర్గమానానికి (లాగరిథమ్‌కు) అనులోమంగా ఉంటుందని బీర్-లాంబర్ట్ నియమం చెబుతుంది. అయితే ఫోన్ కాంతిని ఉన్నదున్నట్లు రాయదు. సాధారణ చిత్ర ప్రమాణం ప్రకారం పూర్తి కాంతి 255 అయితే సగం కాంతికి 188, పావుకు 137, ఎనిమిదో వంతుకు 99 వస్తాయి. లెక్క చెడిపోయిందనిపిస్తుంది గానీ, వరుసగా భాగించి చూడండి: 1.36, 1.37, 1.38. నిష్పత్తి దాదాపు నిలకడగానే ఉంది! ఫోన్ కాంతిని ఇంచుమించు 1/2.2 ఘాతానికి మారుస్తుంది. సంవర్గమానం తీసుకోగానే ఆ ఘాతం గుణకంగా మారిపోతుంది. గాఢతకు ఎదురుగా ఆ సంవర్గమానాన్ని గుర్తిస్తే వచ్చే గీత దాదాపు తిన్నగానే ఉంటుంది, దాని వాలు మాత్రమే మారుతుంది. తెలిసిన గాఢతల గ్లూకోజుతో గీత గీసినప్పుడు ఆ వాలు కూడా అందులోనే కలిసివస్తుంది. సంవర్గమానాలను పట్టికలో వెతికే పనిగా మాత్రమే నేర్పే మన తరగతుల్లో ఈ ప్రయోగం తప్పక చేయించాలి.

ఫోన్ తనంతట తాను వెలుగును సర్దకుండా, నాళికలన్నిటినీ తెల్ల కాగితం ముందు నిలిపి, ఒకే ఫొటోలో తీయాలి. రసాన్ని దాదాపు వంద రెట్లు పలుచన చేయాలి. విటమిన్ సి కూడా గ్లూకోజులాగే క్షయకరణం చేస్తుంది కనుక ఫలితం కొంత ఎక్కువగా కనబడవచ్చు. పైగా బత్తాయిలోని సుక్రోజు ఈ చర్యలో పాల్గొనదు. రసాన్ని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేసి సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టి, తటస్థీకరించి, మళ్లీ కొలిచి, రెండు ఫలితాల తేడాను 0.95తో గుణిస్తే సుక్రోజు పరిమాణమూ తెలుస్తుంది.