దొమ్మ రోగం, ల్యాబ్ పరీక్షలు: మందల దగ్గర నేను తరచూ వినే అపోహలు

పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్నే వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి: "సారూ, రాత్రి దాకా బాగానే ఉన్న గొర్రె, పొద్దున చూస్తే పడి ఉంది." ఆ వెంటనే వినపడే మాటల్లో కొన్ని మందకే కాదు, ఇంటిల్లిపాదికీ ముప్పు తెచ్చేవి.

"చచ్చిపోయాక ఇంకేం పరీక్ష?"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. పరీక్ష చనిపోయిన గొర్రె కోసం కాదు, దొడ్లో మిగిలినవాటి కోసం. చిటుకు రోగం, గొంతువాపు, దొమ్మ (ఆంత్రాక్స్), లేత జొన్న మేసి విషం ఎక్కడం... ఇవన్నీ ఉన్నట్టుండి ప్రాణం తీసేవే. దేని టీకా దానిదే, ఆఖరిదానికి అసలు టీకానే లేదు. చిటుకు అనుకుని దొమ్మను వదిలేస్తే వారంలో ఇంకో రెండు పడతాయి.

దొమ్మ పట్టుకోవడానికి మాకు కావాల్సింది చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం. గ్లవుజులు వేసుకుని డాక్టరు గారే తీస్తారు, మీరు ముట్టుకోవద్దు. దాన్ని గాజు స్లైడు మీద పల్చగా పూసి, మిథిలీన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. చివర్లు తెగ్గోసినట్టుండే నీలం కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ రంగు పొర కనపడితే, కల్చర్ (క్రిమిని పెంచి చూడటం), పీసీఆర్ (దాని జన్యువును వెతకడం) ఫలితాల కోసం ఆగకుండా అప్పుడే ఫోన్ చేస్తాం. ఆలస్యమైతే మాత్రం కళేబరం కుళ్లి ఆ క్రిములు చచ్చిపోతాయి. స్లైడు మీద కుళ్లు క్రిములే మిగులుతాయి.

"కోసి చూస్తేనే కదా రోగం తెలిసేది?"

ముక్కు నుంచో, మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతోందా? పొట్ట ఉబ్బిందా? చచ్చి గంటలైనా కాళ్లు బిగుసుకోలేదా? అయితే కత్తి పెట్టకండి. అలాంటిదాన్ని మేం కూడా కొయ్యం. కోయని కళేబరంలో దొమ్మ క్రిమి చాలావరకు అక్కడే నశిస్తుంది. కోస్తే గాలి తగిలి స్పోర్‌గా, అంటే గట్టి పొర కట్టుకున్న రూపంగా మారుతుంది, ఆ స్పోర్ మట్టిలో దశాబ్దాల తరబడి బతికే ఉంటుంది. ఒక ఊళ్లో నేను వెళ్లేసరికే గొర్రెను వేపచెట్టుకు వేలాడదీసి చర్మం వలిచేశారు. కింద మట్టిలోకి రక్తం ఇంకిపోయింది. రెండు గొర్రెపిల్లలు ఆ మట్టినే నాకుతున్నాయి. ఆ చెట్టు కిందకు ఇక మందను తోలొద్దని దండం పెట్టి చెప్పాను.

"బాగా ఉడికిస్తే ఏమీ కాదు"

స్పోర్లు మామూలు ఉడుకుకు అంత తేలిగ్గా చావవు. అయినా ప్రమాదం పొయ్యి దగ్గర కాదు, కోసే దగ్గరే మొదలవుతుంది. చేతి మీద చిన్న గీత ఉంటే చాలు. కొద్ది రోజుల్లో నొప్పి లేని పుండు లేస్తుంది, మధ్యలో నల్లటి పెచ్చు కడుతుంది. విశాఖ మన్యంలో ఇలాంటి కేసులు బయటపడ్డాయి. పుండు చూపించేటప్పుడు మాంసం కోసిన సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. తొందరగా తెలిస్తే మందులకు తగ్గే జబ్బే.

"చెబితే మందంతా చంపేస్తారు"

ఈ భయం బర్డ్ ఫ్లూలో కోళ్లను చంపడం చూసి వచ్చింది. దొమ్మ వస్తే మందను చంపరు. ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా వేస్తారు, ఆ మేత భూమి మార్పిస్తారు, కళేబరాన్ని అక్కడే కాల్చడమో, లోతుగా పాతిపెట్టడమో చేయిస్తారు. టీకాలో ఉండేది బతికున్న క్రిమే కాబట్టి దాంతోపాటు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించొద్దు. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి రోగం అనుమానం వస్తే చెప్పడం యజమాని బాధ్యత. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసినా సరే, దగ్గర్లోని పశువైద్యశాలకు వెళ్లినా సరే.

"రిపోర్టులో ఏమీ రాలేదు, అంటే రోగం లేనట్టే"

మాకు అందిన శాంపిల్‌లో దొరకలేదని మాత్రమే అర్థం. అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉండొచ్చు. ఐస్ లేకుండా ఎండలో బస్సెక్కి వచ్చి ఉండొచ్చు. కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ మందులో వేసిన ముక్కలో ఏ క్రిమీ పెరగదు.

"బాగున్న గేదె రక్తం మీకెందుకు?"

ఈ కోపం నాకు అర్థమవుతుంది. సూది గుచ్చితే పాలు తగ్గుతాయేమోనని టెన్షన్. కానీ గాలికుంటు టీకా పనిచేసిందో లేదో ఆ రక్తంలోంచి తీసే సీరమే (పైన తేలే పసుపు నీరు) చెబుతుంది. ఇంకో పరీక్షతో, ఒంట్లోని యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే పదార్థాలు) టీకా వల్ల వచ్చినవా, ఊళ్లో తిరుగుతున్న వైరస్ వల్ల వచ్చినవా అన్నదీ తేలుతుంది. పైకి ఏ లక్షణమూ లేని పశువులో కూడా. రిండర్‌పెస్ట్ అనే పశువుల వైరస్ రోగం మన దేశంలో లేదని 2006లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకోవడానికి ముందు, ఇలా బాగున్న పశువుల రక్తాన్నే ఊరూరా పరీక్షించారు. టీకా వేసిన నెలకు మావాళ్లు వస్తే గేదెను కట్టేసి ఉంచండి. పది మిల్లీలీటర్లలోపే తీస్తారు.