టరాంటులా నూగు, మన చర్మం: అపోహలు - వాస్తవాలు

నేను టరాంటులాలు, అంటే ఒళ్ళంతా నూగుండే పెద్ద సాలీళ్ళు, పెంచుతానని తెలియగానే ఎవరైనా మొదట అడిగేది "కరవదా?" అని. పదమూడేళ్ళుగా పెంచుతున్నాను, ఇప్పటిదాకా ఒక్కటీ కరవలేదు. వాటి నూగు (పొట్ట మీది సన్నని వెంట్రుకలు) మాత్రం చేతుల మీద, మెడ మీద, ఒకసారి కనురెప్ప మీద కూడా పడింది. కొత్తగా పెంచేవాళ్ళు కూడా కోరల గురించే జాగ్రత్త పడతారు. తీరా దురద మొదలయ్యాక ఏం చేయాలో తెలియక తోచిందల్లా చేసి, రెండు రోజుల్లో తగ్గేదాన్ని రెండు వారాలు మోస్తారు. వాళ్ళ నోట నేను తరచుగా వినే మాటలు, వాటి గురించి నాకు తెలిసిన నిజాలు రాస్తున్నాను.

అపోహ: ఆ వెంట్రుకల్లో విషం ఉంటుంది, అందుకే దురద

విషం ఉండేది కోరల పైనున్న గ్రంథుల్లో. పొట్ట వెనక భాగం మీద దట్టంగా పరుచుకున్న ఈ నూగుకి దానితో ఏ సంబంధమూ లేదు. ఒక్కో పోగు చాలావరకు మిల్లీమీటరు కన్నా చిన్నది. దాని మొన సూదిలా ఉంటుంది, ఒళ్ళంతా సన్నని ముళ్ళు ఉంటాయి. గాలం ముల్లు వేలికి గుచ్చుకున్నవాళ్ళకి తెలుసు, లోపలికి దిగడం సులువు, వెనక్కి రావడం కష్టం. ఇదీ అంతే. టరాంటులాకి బెదురు పుడితే వెనక కాలితో తన పొట్టని టకటకా గీరుతుంది. పోగులు ఊడి గాల్లోకి లేస్తాయి. మన చర్మం మీద వాలిన పోగు, మనం కదిలినా రుద్దినా ఇంకాస్త లోపలికి జరుగుతుంది.

దూలగొండి కాయ నూగు తగిలినవాళ్ళకి ఈ బాధ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. దూలగొండి నూగులో దురద పుట్టించే ఎంజైమ్ ఉంటుంది. ఇక్కడ ప్రధానంగా జరిగేది గుచ్చుకోవడం. లోపల ఇరుక్కున్న ఆ పోగుని బయటి వస్తువుగా గుర్తించి శరీరం ఎదురుతిరుగుతుంది. దానివల్లే ఎరుపు, వాపు, ఆవగింజంత పొక్కులు. కొందరిలో దీనికి అలర్జీ కూడా తోడవుతుంది.

నేను దీన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. విషం అనుకున్నవాళ్ళు విరుగుడు కోసం పరుగెత్తుతారు. ముల్లు అనుకున్నవాళ్ళు ముందు దాన్ని తీయడం గురించి ఆలోచిస్తారు. కింద చెప్పేవన్నీ ఈ రెండో ఆలోచన నుంచి వచ్చినవే.

అపోహ: టరాంటులా ఏదైనా నూగు చల్లుతుంది

లేదు. ఈ నూగు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల జాతులకే ఉంటుంది, వాటిలో కూడా సుమారు 90 శాతానికి. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా జాతులకి ఇది లేదు. అవి తమని కాపాడుకోవడానికి వేగాన్నీ కోరల్నీ నమ్ముకుంటాయి, వాటి విషం కూడా ఎక్కువ ఘాటుగా ఉంటుంది. కాబట్టి "నూగు లేని జాతి, భయం లేదు" అని చెప్పి ఎవరైనా ఇస్తే తొందరపడకండి.

నూగులో కూడా అన్నీ ఒకటి కావు. 1972లో శాస్త్రవేత్తలు వీటిని నాలుగు రకాలుగా విడదీశారు. ఆ తర్వాత జాబితా పెరుగుతూ వచ్చి, 2016లో కొలంబియాలో కంకువామో మార్కేజీ అనే జాతిని వర్ణించినప్పుడు ఏడుకి చేరింది. పెంచేవాళ్ళకి ముఖ్యంగా తెలియాల్సినవి మూడు. మెక్సికన్ రెడ్ నీ, కర్లీ హెయిర్ లాంటి జాతుల్లో కనిపించే ఒకటో రకం చర్మంలోకి లోతుగా దిగదు, అయితే వీటిలో మూడో రకం కూడా ఉంటుంది. పింక్ టో జాతిలో ఉండేది రెండో రకం. అది గాల్లోకి చల్లదు, పొట్టని నేరుగా మనకి ఆనించి అంటిస్తుంది. సాల్మన్ పింక్, గోలియత్ బర్డ్‌ఈటర్ లాంటి పెద్ద జాతుల్లో ఉండే మూడో రకం అన్నిటికన్నా లోతుగా పోతుంది, చర్మంలోకి 2 మిల్లీమీటర్ల వరకూ. చర్మం తేలిగ్గా దద్దుర్లెక్కే స్వభావం ఉన్నవాళ్ళు మొదటి టరాంటులాగా గోలియత్‌ని తెచ్చుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: చేత్తో పట్టుకోకపోతే నాకేమీ కాదు

నా మొదటి టరాంటులా చిలీ రోజ్. దాన్ని ఎప్పుడూ చేతిలోకి తీసుకోలేదు. ఒకరోజు దాన్ని వేరే డబ్బాలోకి మార్చి, పాత మట్టి ఖాళీ చేశాను. అది కాలు కూడా కదపలేదు. గంట తర్వాత మణికట్టు లోపలి వైపు, చర్మం పలచగా ఉండే చోట, దురద మొదలైంది. దోమ కుట్టిందనుకుని గోకాను. రాత్రికి అక్కడ చెమటకాయల్లాంటి పొక్కులు లేచాయి, పన్నెండు రోజులు ఉన్నాయి.

నూగు సాలీడు ఒంటి మీదే ఉండిపోదు. మట్టిలో, గూడులో, నీళ్ళ గిన్నె అంచున, డబ్బా మూత లోపలి వైపు పేరుకుంటుంది. కొన్ని జాతులు కుబుసం విడిచేముందు వేసుకునే పట్టు పరుపులోనూ, గుడ్ల సంచిలోనూ కావాలనే నూగు కలుపుతాయి, పురుగులు దగ్గరికి రాకుండా. అందుకే శుభ్రం చేసే రోజే అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు. అప్పటి నుంచి నేను మట్టి తీసేముందు స్ప్రేతో తడుపుతాను, తడిస్తే నూగు లేవదు. ఫ్యాన్ ఆపేస్తాను. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, పొడుగు చేతుల చొక్కా కఫ్‌ని గ్లవ్స్ లోపలికి దోపుతాను. కళ్ళకి పక్కలు కూడా మూసుకునే అద్దాలు, ముక్కుకి మాస్క్. కాంటాక్ట్ లెన్స్ ఉన్నవాళ్ళు ఆ పూట తీసేయడం మంచిది. డబ్బాలో పడ్డ చెత్తని నోటితో ఊదడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ముఖం డబ్బాకి సరిగ్గా పైన ఉండగా ఊదితే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

అపోహ: దురద పుట్టగానే బాగా రుద్ది వేడి నీళ్ళతో కడిగేయాలి

ఎక్కువమంది చేసే తప్పు ఇదే, చేతులారా ముల్లుని లోపలికి దించుకోవడం.

ముందు చేతిని కదపకుండా ఉంచండి. గోకొద్దు, ఆ చేత్తో ముఖం తాకొద్దు. చర్మం పొడిగా ఉండగానే వెడల్పాటి సెల్లో టేప్ ముక్క తీసుకుని, దురద ఉన్న చోట మెల్లగా ఆనించి, నిలువుగా పైకి తీయండి. పక్కకి లాగొద్దు. ప్రతిసారీ కొత్త ముక్క వాడాలి, వాడిందే మళ్ళీ పెడితే తీసిన నూగుని వెనక్కి అంటించినట్టే. నేను ఐదారుసార్లు చేస్తాను. మొదటిసారి ఇలా చేసినప్పుడు ఆ టేప్ ముక్కని దీపం ఎదురుగా పట్టుకుని భూతద్దంతో చూశాను. మామూలు కంటికి ఏమీ లేనట్టున్న జిగురు మీద, సన్నటి గోధుమ రంగు గీతలు, అడ్డదిడ్డంగా, పదుల కొద్దీ. అవన్నీ రుద్ది ఉంటే నా చర్మంలో ఉండేవి.

టేప్ అయ్యాక చల్లని నీళ్ళు ధారగా పోస్తూ సబ్బుతో కడగాలి. స్క్రబ్బర్, గుడ్డ ముక్క ఏవీ వాడకుండా, వేళ్ళతో నురుగు రాసి వదిలేయాలి. తుడవడం కూడా అద్దుకున్నట్టు. తర్వాత చల్లని తడిగుడ్డ పది నిమిషాలు ఉంచితే చాలా ఉపశమనం. వేడి నీళ్ళు పోసిన ఆ నిమిషం హాయిగా అనిపించినా, చర్మం ఇంకా ఎర్రబడి దురద తిరగబెడుతుంది. ఘాటైన బామ్‌లు కూడా అంతే.

ఇంత చేసినా కొన్ని పోగులు లోపల ఉండిపోతాయి, వాటికి శరీరం చేసే హడావిడిని తగ్గించడమే మిగిలిన పని. 1 శాతం హైడ్రోకార్టిజోన్ క్రీమ్ పలచగా, రోజుకి రెండుసార్లు, కొద్ది రోజులు రాస్తే వాపు దిగుతుంది. కళ్ళ చుట్టూ మాత్రం డాక్టర్ చెప్పకుండా రాయొద్దు. రాత్రి దురదకి నిద్ర పట్టకపోతే సెటిరిజిన్ లాంటి మాత్ర పనిచేస్తుంది, కాకపోతే మత్తుగా ఉంటుంది కాబట్టి వేసుకుని బండి నడపకూడదు. పిల్లలకి, గర్భిణులకి, వేరే మందులు వాడేవాళ్ళకి ఇవేవీ అడగకుండా వద్దు.

ఆ రోజు వేసుకున్న బట్టలు మిగతా బట్టలతో కలపకండి. నూగు చొక్కా కుట్లలో దాక్కుని, మర్నాడు ఇంకొకరి మెడ మీద తేలుతుంది.

అపోహ: పట్టకారుతో ఒక్కొక్కటే లాగేయొచ్చు

ఆ సైజుకి మామూలు పట్టకారుకి చిక్కదు. ముల్లు విరిగి మొన లోపల ఉండిపోతుంది, చర్మం గాయపడి చీము పడుతుంది. టేప్ చాలు.

అపోహ: కంట్లో పడితే నలుసు లాంటిదే, దానంతట అదే పోతుంది

చర్మం మీద పడిన నూగుకి చాలావరకు టెన్షన్ అక్కర్లేదు. కన్ను విషయంలో మాత్రం నాకు భయమే, దాన్ని దాచను.

నలుసు కంటి ఉపరితలం మీద తిరుగుతుంది, కన్నీళ్ళకి కొట్టుకుపోతుంది. ఈ పోగు కార్నియాలోకి, అంటే కంటి ముందున్న పారదర్శక పొరలోకి, దిగుతుంది. కన్ను రోజంతా కదులుతూనే ఉంటుంది, రెప్ప వాలుతూనే ఉంటుంది, ముళ్ళున్న పోగు ముందుకే పోతుంది. కొన్నిసార్లు కంటి లోపలి పొరల దాకా వెళ్తుంది. దీనివల్ల వచ్చే మంటనీ వాపునీ వైద్యులు ఆఫ్తాల్మియా నోడోసా అంటారు. గొంగళిపురుగు వెంట్రుకలు కంట్లో పడినా ఇదే జబ్బు.

2009లో బ్రిటన్‌లోని లీడ్స్‌లో 29 ఏళ్ళ యువకుడు మూడు వారాలుగా కన్ను ఎర్రగా ఉండి నీరు కారుతోందని, వెలుతురు చూడలేకపోతున్నానని ఆసుపత్రికి వెళ్ళాడు. అంతకుముందు కండ్లకలక అనుకుని యాంటీబయాటిక్ చుక్కలు వేశారు, తగ్గలేదు. పెద్దది చేసి చూపే లెన్స్‌తో చూస్తే కార్నియాలో సన్నని వెంట్రుకలు కనిపించాయి. అప్పుడు గానీ అతనికి తన టరాంటులా డబ్బా తుడుస్తుండగా అది తన మీద నూగు చల్లిన సంగతి గుర్తు రాలేదు. ఆ పోగులు సూక్ష్మమైన పరికరానికి కూడా చిక్కనంత చిన్నవి. చివరికి స్టెరాయిడ్ చుక్కలతో అదుపులోకి తెచ్చారు.

ఇందులో మనకి పనికొచ్చేది ఒకటుంది. డాక్టర్‌కి మొదటి మాటగా "నేను టరాంటులా పెంచుతాను, కంట్లో దాని నూగు పడి ఉండొచ్చు" అని చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు. ఎర్ర కన్నుతో వచ్చిన మనిషిని చూసి ఎవరికీ సాలీడు తట్టదు. కంట్లో పడిందని అనుమానం రాగానే నలపకుండా, లెన్స్ ఉంటే తీసేసి, పదిహేను నిమిషాలు శుభ్రమైన నీళ్ళతో కడిగి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళి స్లిట్ ల్యాంప్ పరీక్ష (కంటిని పెద్దది చేసి చూసే పరీక్ష) చేయించుకోండి. నా కనురెప్ప మీద పడినప్పుడు నేను చేసింది అదే. కన్ను శుభ్రంగానే ఉంది, అయినా వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు, వెళ్ళాను. ఇంట్లో మిగిలిపోయిన చుక్కలు, ముఖ్యంగా స్టెరాయిడ్ చుక్కలు, సొంతంగా వేసుకోవద్దు.

అపోహ: కొన్నాళ్ళకి ఒళ్ళు అలవాటు పడుతుంది

నేను కూడా ఇలాగే నమ్మాను. చాలామంది పాత పెంపకందారుల అనుభవం దీనికి తలకిందులుగా ఉంటుంది, పదే పదే తగిలేకొద్దీ ఒళ్ళు ఇంకా తొందరగా స్పందిస్తుంది. మొదటి ఏళ్ళలో నాకు గంట తర్వాత వచ్చే దురద, ఇప్పుడు సాల్మన్ పింక్ నూగుకి నిమిషాల్లో దద్దుర్లై మోచేతి దాకా పాకుతోంది. ఎనిమిదేళ్ళు పెంచిన ఆ సాలీడుని కిందటేడు ఒక స్నేహితుడికి ఇచ్చేశాను. బాధగానే ఉంది, కానీ సరైన పనే.

పెదవులు, ముఖం వాచినా, ఊపిరి బిగపట్టినట్టున్నా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా అది క్రీమ్‌తో పోయేది కాదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పొక్కుల్లో చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, వారం దాటినా తగ్గకపోయినా చర్మవైద్యుణ్ణి కలవాలి.

అపోహ: సాలీడు పొట్ట మీద బోడి మచ్చ పడింది, జబ్బు చేసింది

జబ్బు కాదు. నూగు రాల్చిన చోటు అది, మళ్ళీ కుబుసం విడిచాకే అక్కడ కొత్త నూగు వస్తుంది. కుబుసం దగ్గరపడితే ఆ చర్మం నల్లబడటం కూడా మామూలే. అయితే మచ్చ రోజురోజుకీ పెద్దదవుతుంటే మాత్రం ఆలోచించాలి. అది తన దగ్గరున్న కవచాన్ని పదే పదే ఖర్చు చేస్తోందంటే ఏదో దాన్ని భయపెడుతోంది. డబ్బాని అటూ ఇటూ కదుపుతున్నారేమో, దాక్కోవడానికి చోటు లేదేమో, వచ్చినవాళ్ళందరికీ మూత తీసి చూపిస్తున్నారేమో చూడండి. ప్రశాంతంగా ఉన్న టరాంటులా నూగు చల్లదు. మన చర్మానికి అంతకు మించిన రక్షణ గ్లవ్స్ కూడా ఇవ్వవు.

అపోహ: విడిచిన కుబుసం ఖాళీ తొక్కే కదా

తొక్కే, కానీ నూగుతో సహా ఊడిన తొక్క. ఏళ్ళు గడిచినా ఆ పోగుల మొన అరగదు. నా చిలీ రోజ్ విడిచిన కుబుసాల్లో పెద్దది, కోరలతో సహా చెక్కుచెదరకుండా ఉన్నది, గాజు మూత ఉన్న పెట్టెలో దాచాను. మూత అంచుల చుట్టూ టేప్ వేసి ఉంటుంది. మా అక్క కొడుకు వచ్చినప్పుడల్లా అడుగుతాడు. పెట్టె వాడి చేతికే ఇస్తాను, భూతద్దం కూడా ఇస్తాను, గాజు మీద నుంచే కోరలు లెక్కపెట్టుకుంటాడు. టేప్ మాత్రం ఇంతవరకూ విప్పలేదు.